తల ఎత్తే తీరిక

కూచిపూడి నేర్చుకునే పిల్లలకు అడుగులతో పాటు తల కదలికలూ నేర్పుతారు. నందికేశ్వరుని అభినయదర్పణం చెప్పే శిరోభేదాలు తొమ్మిది. తల నిటారుగా, నిశ్చలంగా ఉంటే సమం. పైకెత్తితే ఉద్వాహితం, చంద్రుణ్ణో, ధ్వజాన్నో, కొండనో చూపించాలంటే అదే. కిందికి వంచితే అధోముఖం; సిగ్గుకూ, దిగులుకూ, నమస్కారానికీ పనికొస్తుంది. ఆలోలితంలో తల చుట్టూ తిరుగుతుంది. ధుతంలో కుడి ఎడమలకు, కంపితంలో కిందికీ మీదికీ కదులుతుంది. ముఖం పక్కకు తిప్పేస్తే పరావృత్తం, పక్కకు తిప్పి పైకెత్తితే ఉత్క్షిప్తం, వింజామరలాగా అటూ ఇటూ ఊగితే పరివాహితం. ఇవి కాక మెడకు విడిగా మరో నాలుగు భేదాలున్నాయి. మా పక్కింటి అమ్మాయి సాయంత్రం పూట వరండాలో వీటిని సాధన చేస్తుంటే అలా చూస్తూ నిలబడిపోతాను. ఆ కాసేపట్లో ఆ పిల్ల తల తిరిగినన్ని దిక్కులకు మామూలు ఉద్యోగి తల వారమంతా కలిపినా తిరగదు.

మన రోజు ఎలా గడుస్తుందో చూడండి. కళ్ళు తెరవగానే ఫోన్ మీదికి వంగిన తల ఆ తర్వాత కూరగాయల మీదికి, గిన్నెల మీదికి, ల్యాప్‌టాప్ మీదికి, మెట్రోలో మళ్ళీ ఫోన్ మీదికి వంగుతుంది. పిల్లలకైతే హోంవర్కు మీదికి. తొమ్మిదింటిలో ఎనిమిది కదలికలను వదిలేసి రాత్రి దాకా ఒక్క అధోముఖంలోనే ఉండిపోతున్నాం. నాట్యంలో అది వచ్చి పోయే భావం. నర్తకి సిగ్గుతో తల వంచుతుంది, మరుక్షణం ఎత్తుతుంది. మనం వంచిన తలను ఎత్తడం మరిచిపోతున్నాం. మెడ నొప్పి గురించి ఇన్నాళ్ళూ విన్నవీ, చదివినవీ, కళ్ళారా చూసినవీ కలిపి ఆలోచిస్తే నాకు తేలింది ఇదే: మెడ వంగడానికే పుట్టింది. వంగి అక్కడే ఉండిపోవడానికి పుట్టలేదు.

అభినయదర్పణం పేరెత్తాను కాబట్టి ఒక మాట. ఈ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారిలో ఒక తెలుగువాడున్నాడు. ఆనంద కుమారస్వామితో కలిసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చేసిన అనువాదాన్ని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ఆ తర్వాత చీరాల-పేరాల ఉద్యమాన్ని నడిపిన ఆంధ్రరత్న ఆయనే. ఉద్యమ నాయకుడిగా ఆయన మనందరికీ తెలుసు. తల కదలికల్ని, చేతి ముద్రల్ని అంత ఓపికగా మరో భాషలో పెట్టిన పండితుడిగా కూడా తెలియాలని నా కోరిక.

మెడలో వెన్నుపూసలు ఏడు. జిరాఫీ మెడలోనూ ఏడే. మన తల బరువు సుమారు 5 కిలోలు. ఆ బరువును మోసే మొదటి పూస ఉంగరంలాగా ఉంటుంది. పుర్రె దాని మీద కూర్చుంటుంది. ఔనని తల ఊపినప్పుడు ముఖ్యంగా పనిచేసేది పుర్రెకూ ఈ ఉంగరానికీ మధ్యనున్న కీలు. రెండో పూస నుంచి మేకులాంటి ఎముక ఒకటి లేచి ఉంగరంలోకి దూరుతుంది. కాదని తల తిప్పినప్పుడు ఉంగరం ఆ మేకు చుట్టూ తిరుగుతుంది. తల పక్కలకు తిరగడంలో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. అంటే కంపితానికి ఒక కీలు, ధుతానికి మరో కీలు. నాట్యాచార్యులు కంటితో చూసి విడదీసిన రెండు కదలికలకు శరీరం లోపల కూడా రెండు వేరువేరు చోట్లు ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎంత శ్రద్ధగా చూసి ఉంటారు మనిషిని!

తల వెనుక నుంచి మెడ మీదుగా భుజాల దాకా, రెక్క ఎముకల దాకా పరుచుకున్న కండరాలు తలను వెనక నుంచి పట్టి ఉంచుతాయి. తల ముందుకు వంగినకొద్దీ అది జారిపోకుండా ఇవి బిగిసి ఉండాలి. కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటే దానిలోకి రక్తం ధారాళంగా వస్తూ పోతూ ఉంటుంది. గంటల తరబడి కొద్దికొద్దిగా బిగిసే ఉంటే రక్తం సరిగా ఆడదు. ముందు బరువుగా, తర్వాత మంటగా, ఆపైన నొప్పిగా తెలుస్తుంది. సాయంత్రానికి భుజం మీద వేలుపెట్టి నొక్కితే తగిలే గట్టి ముడి కూడా అలా వచ్చిందేనంటారు. పూసల మధ్య మెత్తల్లాగా ఉండే డిస్కులకు పెద్దవాళ్ళలో సొంత రక్తనాళాలు దాదాపుగా ఉండవు. వాటికి పోషణ చుట్టుపక్కల కణజాలం నుంచి ఊరి రావాల్సిందే. కీళ్ళలోని జిగట ద్రవం కూడా కదిలితేనే అన్ని వైపులా పరుచుకుంటుంది. కదలిక మెడకు వ్యాయామం మాత్రమే కాదు, ఆహారం కూడా.

ఇక ఫోన్ చూసే మెడ మీద 27 కిలోల బరువు పడుతుందన్న మాట మీరు వినే ఉంటారు. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టి, తల 60 డిగ్రీలు వంగితే మెడ మీద అంత భారం పడుతుందని చెప్పాడు. ఆ అంకె లోకమంతా తిరిగింది. లెక్క లెక్కగా సరే. కానీ మెడకు భారం పెరగడం వేరు, నొప్పి పుట్టడం వేరు. నడిచేటప్పుడు మోకాలి మీద మన బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది, అందుకని నడక మానేయమని ఎవరూ చెప్పరు. 2018లో బ్రెజిల్ పరిశోధకులు 18 నుంచి 21 ఏళ్ళ వయసున్న 150 మందిని ఫోన్ చూస్తుండగా పరిశీలించారు. బాగా వంగి చూసేవాళ్ళకు మెడ నొప్పి ఎక్కువగా ఉంటుందేమోనని వెతికితే అలాంటి సంబంధం కనబడలేదు.

అలాగని ఎంతసేపు వంగినా పరవాలేదని దీని అర్థం కాదు. వంపు కోణం ఒక్కటే దోషి కాదన్నదే నేను చెప్పేది. సంక్రాంతికి హైదరాబాదులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా డాబా మీద పతంగులు ఎగరేసిన కుర్రవాణ్ణి మర్నాడు అడగండి, మెడ పట్టేసిందంటాడు. వాడు కిందికి చూసింది లేదు, రోజంతా ఆకాశంలోకే చూశాడు. ఇంటి సీలింగుకు రంగులు వేసే పెయింటర్లకూ, ఫ్యాన్లు బిగించే ఎలక్ట్రీషియన్లకూ అదే బాధ. కింది చూపైనా పై చూపైనా ఒకచోట నిలిచిపోతే మెడ ఊరుకోదు. పోనీ అని నిటారుగా బిగుసుకుని కూర్చుంటే? దానికీ అరగంట దాటితే నడుమూ భుజాలూ మొరపెట్టుకుంటాయి. సైనికుడిలాగా కూర్చోవడం సరైన భంగిమ అని చిన్నప్పటి నుంచి మనకు నూరిపోశారు. 'కుదురుగా కూర్చో' అని పిల్లల్ని గద్దించని ఇల్లు, బడి ఉండదు. పిల్లవాడు బల్ల మీద అటు జరిగి, ఇటు వాలి, కాలు మడిచి, మళ్ళీ చాపుకుంటుంటే వాడి ఒళ్ళు తనకు కావలసింది తాను చేసుకుంటోంది. ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయంలో పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే బాగుంటుంది.

మెడ నొప్పి వచ్చినవాళ్ళను నొప్పి కంటే ఎక్కువగా కుంగదీసే మాట ఒకటి ఉంది: 'ఎముకలు అరిగిపోయాయి'. ఎక్స్‌రే తీస్తారు, ఎమ్మారై తీస్తారు. కాగితం మీద డిస్కు ఉబ్బిందనో, పూసల అంచులు పెరిగాయనో రాస్తారు. ఆ మనిషి ఇంటికొచ్చి 'నాకు స్పాండిలైటిస్ అట' అని చెప్పుకుంటాడు. ఆ రోజు నుంచి బిందె ఎత్తడు, తల తిప్పడు, మనవణ్ణి ఎత్తుకోడు, మెడకు పట్టీ వేసుకుని ఆ అరిగిన ఎముకల్ని కాపాడుకుంటూ బతుకుతాడు. 2015లో జపాన్ వైద్యులు ఏ బాధా లేని 1,211 మంది ఆరోగ్యవంతుల మెడలను ఎమ్మారై తీసి చూశారు. వాళ్ళలో నూటికి 87 మందికి పైగా డిస్కు ఉబ్బు కనబడింది. ఇరవైల్లో ఉన్నవాళ్ళలో కూడా నూటికి డెబ్బై మందికి మించి ఉంది. ఏ నొప్పీ లేకుండా తిరుగుతున్న మనుషులు వీళ్ళు! జుట్టు నెరిసినట్టే మెడలోపల కూడా వయసు కనిపిస్తుంది. నెరిసిన జుట్టును జబ్బనుకోనట్టే దీన్నీ చాలావరకు జబ్బనుకోనక్కర్లేదు. మామూలు మెడ నొప్పి ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. మళ్ళీ మళ్ళీ రావచ్చు, నిజమే. కానీ కదలడానికి భయపడేవాళ్ళకు అది త్వరగా వదలదు. భయపడినకొద్దీ మెడ బిగుస్తుంది, బిగిసినకొద్దీ నొప్పి, నొప్పి వల్ల మరింత భయం. నిద్ర చాలకపోతే, మనసు బాగోలేకపోతే అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది.

ఇంతవరకూ కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళ గురించే చెప్పినట్టుంది. మెడ నొప్పి ఫోన్లతో పుట్టిన కొత్త జబ్బని పత్రికలు రాస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. మా చిన్నమ్మ బీడీలు చుట్టేది. ఆర్మూర్ దగ్గర పల్లె. ఇంటి అరుగు మీద గోడకు ఆనుకోకుండా కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం అన్నానికే. తునికాకు రాత్రే నానబెట్టుకోవాలి. పొద్దున్నే ఆకును కొలతకు కత్తిరించుకోవాలి. ఒక్కో ముక్కలో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. పాతికకు ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. కూలి లెక్క వెయ్యికే. కార్ఖానాలో ఏరి, బాగా లేవని పక్కన పడేసినవి లెక్కలోకి రావు కాబట్టి ప్రతి బీడీ మీదా చూపు నిలవాలి. ఆ చూపు కోసం మెడ వంగాలి. మా ఊళ్ళో ఏ వాడకు వెళ్ళినా అరుగుల మీద ఇలా వంగిన తలలే వరుసగా కనిపించేవి. నలభై దాటిన ఆడవాళ్ళలో మెడ నొప్పి, భుజం నొప్పి లేదన్నవాళ్ళను నేను చూడలేదు. రాత్రి పడుకునే ముందు ఒకరి మెడకు ఒకరు జండూబామ్ రాసుకునేవాళ్ళు.

'జరసేపు మెడ ఎత్తు చిన్నమ్మా' అంటే ఆమె చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తే. 'మెడ ఎత్తితే కట్ట తక్కువైతది బిడ్డా. చేయి ఆగిందంటే పైస ఆగినట్టే.'

ఆ మాట విన్నాక భంగిమ గురించి ఎవరు ఎంత చెప్పినా నాకు సగమే వినబడుతుంది. ముప్పై నిమిషాలకొకసారి లేవండి అని చెప్పడం సులువు. లేస్తే నెల జీతంలో కోత పడనివాళ్ళకు అది సలహా. లేస్తే కూలి తగ్గేవాళ్ళకు అది ఖర్చు. ఇటలీలో బెర్నార్డినో రామజ్జిని అనే వైద్యుడు 1700లోనే చేతివృత్తులవాళ్ళ జబ్బుల మీద పెద్ద పుస్తకం రాశాడు. గంటల తరబడి కూర్చుని రాసే గుమాస్తాల బాధల నుంచి దర్జీల, నేతగాళ్ళ బాధల దాకా, 1713లో పెంచి వేసిన దాని రెండో ముద్రణలో ఉన్నాయి. రోగిని పరీక్షించే వైద్యుడు అడగాల్సిన ప్రశ్నల్లో 'నువ్వు చేసే పని ఏమిటి' అన్నదాన్ని కూడా చేర్చమని తోటి వైద్యులకు చెప్పినవాడు ఆయన. మూడు వందల ఏళ్ళు దాటినా మెడ నొప్పితో వెళ్ళిన మా చిన్నమ్మను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మాత్రలు రాసి పంపారు. ఆ మాత్రలు వేసుకుని ఆమె మళ్ళీ చాట ముందు కూర్చుంది.

పనిని అలాగే ఉంచి మనిషిని మాత్రమే సర్దుకోమనడం ఎంత చాలదో, పనిని మారిస్తే ఎంత మేలో చూపించే మంచి కథ మన దగ్గరే ఉంది. పోచంపల్లి చీరల నేతలో ఆసు పోయడమని ఒక పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు వెళ్ళి రావాలి. నాలుగైదు గంటల పని. చాలా ఇళ్ళల్లో అది ఆడవాళ్ళదే. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజాల నొప్పులతో ఆ పని చేస్తుంటే చూడలేకపోయాడు. పెద్ద చదువు లేదు. డబ్బు లేదు. ఏళ్ళ తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. మల్లేశం తన తల్లికి భుజం కసరత్తులు నేర్పి ఊరుకోలేదు. భుజాన్ని నొప్పించే పనినే తీసి యంత్రానికి అప్పగించాడు. నొప్పి గురించి నేను విన్నవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన చికిత్స అది.

అయితే ప్రతి పనికీ ఒక మల్లేశం దొరకడు కాబట్టి, మన చేతిలో ఉన్నదేమిటో కూడా చెప్పుకోవాలి. చాలా తక్కువ సమయంతోనే చాలా జరుగుతుందన్నది మంచి వార్త. 2011లో డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పులున్న 198 మంది ఆఫీసు ఉద్యోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకు 2 నిమిషాలు, ఇంకో జట్టు 12 నిమిషాలు, వారానికి ఐదు రోజులు రబ్బరు పట్టీ కాళ్ళ కింద తొక్కిపెట్టి, రెండు చివరలూ చేతులతో పట్టుకుని, చేతులను పక్కల నుంచి భుజాల ఎత్తు దాకా లేపి దించారు. మూడో జట్టుకు ఆరోగ్య సమాచారం మాత్రమే పంపారు. పది వారాలకు వ్యాయామం చేసిన రెండు జట్లకూ నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. రెండు నిమిషాలు! పాలు పొంగేలోపు అయిపోయే పని. రబ్బరు పట్టీ లేనివాళ్ళు అరలీటరు నీళ్ళ సీసాలతో మొదలుపెట్టవచ్చు. మరుసటి ఏడాది అమెరికాలో 272 మంది మీద జరిగిన అధ్యయనంలో, రెండుసార్లు కూర్చోబెట్టి నేర్పిన ఇంటి కసరత్తు, నిపుణులు చేతులతో చేసిన మెడ చికిత్సతో సమానంగా పనిచేసింది. రెండూ మందుల కంటే మెరుగనిపించుకున్నాయి.

నేను రోజూ చేసేది ఇంకా సులువు. కుర్చీలో కూర్చునే గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగుతాను, అద్దంలో చూస్తే రెండో గడ్డం కనిపించేటట్టు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదులుతాను. మెడ ముందు భాగంలో లోతుగా ఉండే చిన్న కండరాలకు అది పని చెబుతుంది. వెనక కండరాలు రోజంతా ఒంటరిగా మోస్తున్న బరువులో వాటికీ కాస్త వాటా దొరుకుతుంది. ఆ తర్వాత రెక్క ఎముకలు రెండూ ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చేలా భుజాలు వెనక్కి. ఆపైన పక్కింటి పిల్ల దగ్గర చూసి నేర్చుకున్నవే: నెమ్మదిగా పైకి చూడటం, కుడికి, ఎడమకు, పక్కకు వాల్చడం. కొద్దిగా పట్టినట్టున్నా ఫరవాలేదు, చేస్తుంటే వదులుతుంది.

ల్యాప్‌టాప్ తయారీలోనే ఒక ఇబ్బంది ఉంది. తెర, మీటలు కలిసే ఉంటాయి. తెర కంటికి సరిపోతే చేతులకు ఎత్తు, చేతులకు సరిపోతే కంటికి పల్లం. నాలుగు లావుపాటి పుస్తకాల మీద దాన్ని పెట్టి, కీబోర్డు విడిగా కొనుక్కుంటే ఆ తగవు తీరుతుంది. దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే కళ్ళద్దాలు వాడేవాళ్ళు కంప్యూటర్ తెరను అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం ఎత్తి కూర్చుంటారు. వాళ్ళకు తెర కాస్త కిందికి ఉంటేనే మేలు, లేదా ఆ దూరానికి విడిగా కళ్ళజోడు. ఫోన్‌ను ముఖం ఎత్తుకు తెచ్చుకుని, అది పట్టుకున్న చేతి మోచేతిని రెండో చేత్తో ఆనించుకోండి. బండి నడుపుతూ హెల్మెట్‌కూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడటం మెడకూ ప్రాణానికీ మంచిది కాదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత దిండు చాలు. బోర్లా పడుకుంటే మెడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

సెలూన్‌లో గడ్డం గీశాక తలకు మాలిష్ చేసి, చివర్లో గడ్డం పట్టుకుని మెడను టక్కుమని తిప్పుతారు. ఆ చప్పుడుతో ఏదో వదిలినట్టు హాయిగా ఉంటుందని చాలామంది అడిగి మరీ తిప్పించుకుంటారు. దయచేసి వద్దు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి. ఒక్కసారిగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వచ్చిందంటే సరిచేయలేనంత నష్టం జరిగిపోతుంది. మాలిష్ చేయించుకోండి, తిప్పేటప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టండి.

ఇంకో జాగ్రత్త. మెడ నొప్పితో పాటు చెయ్యి బలహీనపడుతున్నా, వేళ్ళు తిమ్మిరెక్కి తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడకలో తూలుతున్నా, మల మూత్రాల మీద అదుపు తప్పుతున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కింద పడ్డాక, బండి ప్రమాదం తర్వాత వచ్చిన నొప్పికీ, జ్వరంతోనో, బరువు తగ్గిపోతూనో వచ్చే నొప్పికీ, ఎన్నడూ ఎరగనంత తీవ్రంగా హఠాత్తుగా వచ్చిన నొప్పికీ అంతే. కసరత్తులు వీటికి మందు కాదు.

ప్రపంచంలో 2020 నాటికి మెడ నొప్పితో బాధపడుతున్నవాళ్ళు 20 కోట్ల మందికి పైగా ఉన్నారని అంచనా. వాళ్ళలో కుర్చీ ఎత్తు మార్చుకోగలవాళ్ళు ఎంతమంది, కుర్చీయే లేనివాళ్ళు ఎంతమంది అన్నది ఆ అంకె చెప్పదు. ఆఫీసుల్లో పనిచేసే మనకు ఖరీదైన కుర్చీలు, ఎత్తు మార్చుకునే బల్లలు వచ్చాయి, సంతోషం. బీడీ కార్మికుల కోసం 1966లో వచ్చిన చట్టం కార్ఖానాల్లో గాలి, వెలుతురు, శుభ్రత, తాగునీరు, పని గంటల గురించి చెప్పింది. పని మాత్రం కార్ఖానా వదిలి ఎప్పుడో ఇంటి అరుగు మీదికి వచ్చేసింది. అక్కడ మెడ ఎంతసేపు వంగి ఉందో చూసేవాళ్ళు లేరు.

చెయ్యగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒళ్ళో ఉండే చాటను జానెడు ఎత్తు పీట మీదికి ఎక్కిస్తే మెడ వంపు తగ్గుతుంది. వీపుకు గోడ ఆనితే భుజాలకు కొంత భారం తగ్గుతుంది. పది కట్టలకొకసారి లేచి నాలుగు అడుగులు వేసి, తల నాలుగు వైపులా తిప్పే తీరిక ఉండాలంటే ఆ కాసేపటికి కూడా సరిపోయేలా వెయ్యి బీడీల రేటు ఉండాలి. కార్మిక సంఘాలు కూలి రేటు కోసం బేరమాడేటప్పుడు ఈ విశ్రాంతిని కూడా లెక్కలో పెట్టి అడగాలి. కేంద్ర కార్మిక శాఖ బీడీ కార్మికుల కోసం నడిపే డిస్పెన్సరీల్లో నొప్పి మాత్రలతో పాటు, మెడకూ భుజాలకూ కసరత్తు నేర్పే ఫిజియోథెరపిస్టును వారానికి ఒక్కరోజైనా కూర్చోబెట్టాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి జిల్లాల ప్రజాప్రతినిధులను నేను కోరుతున్నది ఇదే. పని మొదలుపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.